పిల్లను ఇంట్లో ఉంచి శీతకాలంలో కొండ ఎక్కాలనుకునే తల్లిదండ్రులకు

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కార్తిక మాసం ముగిసేసరికి కొండల మీదికి మనసు మళ్లేవారు చాలామందే ఉన్నారు. వారిలో చిన్నపిల్లలున్నవారు సాధారణంగా రెండింటిలో ఒకటి చేస్తారు. పిల్ల పెద్దదయ్యేదాకా కొండ ఊసే ఎత్తరు, లేదా పిల్లను కూడా చంకనేసుకుని బయలుదేరతారు. ఈ రెండూ కాక, పిల్లను నమ్మకమైన చేతుల్లో ఉంచి ఒకటి రెండు రోజులు వెళ్లి, చెప్పిన వేళకు ఇల్లు చేరుకోవడం కూడా సాధ్యమే. నేను రాయగడలో ఉంటున్నాను. మా అమ్మాయికి మూడేళ్లు నిండిన నాటి నుంచి ప్రతి శీతకాలంలోనూ రెండుసార్లయినా ఇలా వెళ్లి వస్తున్నాను. ఇప్పుడు దానికి ఆరేళ్లు. చేసిన పొరపాట్లతో సహా తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

వెంట తీసుకువెళ్లకపోవడానికి కారణం

తల్లి ఒక్కతే కొండకు వెళ్లిందంటే చుట్టాలలో ఎవరో ఒకరు "పిల్లను వదిలేసి వెళ్లిందట" అనకుండా ఉండరు. తండ్రి వెళ్తే ఆ మాట రాదు, అది వేరే సంగతి. ఎవరేమన్నా, చలికాలపు కొండమీద చిన్నపిల్ల విషయంలో శరీరధర్మం చెప్పే మాట ఒకటుంది. పిల్లల శరీరంలో బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, కాబట్టి వారి ఒంట్లోని వేడి పెద్దలకన్నా త్వరగా పోతుంది. పైగా పిల్లను వీపున కట్టుకుని ఎక్కే తల్లికి చెమటలు పడుతుంటే, కదలకుండా వేలాడుతున్న పిల్లకు అదే గాలిలో కాళ్లు చల్లబడిపోతూ ఉంటాయి. తనకు వెచ్చగా ఉంది కాబట్టి పిల్లకూ వెచ్చగానే ఉందని తల్లి అనుకుంటుంది. మూడు నాలుగేళ్ల పిల్ల తనకు చలిగా ఉందని కూడా సరిగా చెప్పలేదు; మందకొడిగా మారి, ఊరికే నిద్రపోతుంది. ఆ నిద్రను అలసట అనుకోవడం అసలైన ప్రమాదం.

అయితే ఏ వయసు పిల్లనైనా వదిలి వెళ్లవచ్చని నేను అనను. ఎనిమిది తొమ్మిది నెలల వయసులో మొదలయ్యే ఎడబాటు భయం ఏడాది, ఏడాదిన్నర ప్రాంతంలో చాలా తీవ్రంగా ఉంటుంది. ఆ వయసులో పగటి నడకతో సరిపెట్టుకుని, పిల్ల నిద్రపోయే వేళకు ఇంట్లో ఉండడం మంచిది. పాలు తాగే బిడ్డను విడిచి రాత్రి బయట ఉంటే తల్లికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చే అవకాశం కూడా ఉంది. "మామ్మ దగ్గర పడుకుంటాను" అని పిల్ల తనంతట తాను అనగలిగిన తరువాత రాత్రి బస గురించి ఆలోచించవచ్చు.

ఏ కొండ, ఏ రోజు

మొదటి నడకకు దేవమాలి శిఖరం పేరు ఎత్తవద్దు. రాయగడవాసులకు నాగావళి ఒడ్డున హాతీపత్థర్ ఉంది, కల్యాణసింగపురం వైపు మెట్లున్న దేవగిరి ఉంది. ఉదయం వెళ్లి మధ్యాహ్న భోజనానికి ఇంటికి వచ్చే ఇలాంటి చోట్లతో మొదలుపెడితే మీ మోకాళ్ల సంగతి మీకూ, మీరు లేని ఇంటి సంగతి ఇంట్లోవారికీ తెలుస్తుంది. అలాంటివి రెండు మూడు అయిన తరువాత గజపతి జిల్లాలో 1501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరికో, కోరాపుట్ జిల్లాలో 1672 మీటర్లతో ఒడిశాలోనే అత్యంత ఎత్తయిన దేవమాలికో వెళ్లవచ్చు. మహేంద్రగిరి మీద కుంతి, భీమ, యుధిష్ఠిరుల పేర్లతో ఉన్న రాతి గుడులు చూడదగినవి. శివరాత్రికి అక్కడ జనం కిటకిటలాడతారు కాబట్టి నడకకు వచ్చేవారు ఆ రోజులు తప్పించాలి. దేవమాలి శిఖరం దగ్గరదాకా ఇప్పుడు వాహనాల దారి ఉంది. ఆ దారి వల్ల నడిచేవారికి అందం కొంత తగ్గినా, ఇంట్లో పిల్ల ఉన్నవారికి అది వరమే, ఎందుకంటే కాలు మడతపడితే కిందికి దిగడానికి ఒక మార్గం ఉంటుంది. నియమగిరిని మాత్రం నేను ఈ లెక్కలో చేర్చను. అది డొంగరియా కోందు గిరిజనులు నియమరాజుగా కొలిచే కొండ. 2013లో పన్నెండు గ్రామసభలు ఒక్కమాటగా నిలబడి గనుల తవ్వకం వద్దన్న చోటుకు మన సరదా కోసం వెళ్లనక్కరలేదు.

ఏ కొండకు వెళ్లినా ముందుగా అటవీశాఖ రేంజి కార్యాలయంలో అనుమతి సంగతి విచారించి, కొండ కింది ఊళ్లో దారి తెలిసిన మనిషిని కూలి మాట్లాడుకుని వెంట తీసుకువెళ్లాలి. ఎలుగుబంట్లు తిరిగే పొదలేవో, గజపతి వైపు అయితే ఏనుగులు దిగుతున్నదెక్కడో ఆ మనిషికే తెలుస్తుంది. ఒంటరిగా వెళ్లే సాహసం పిల్లలు లేనివారి హక్కు అని నా అభిప్రాయం. కనీసం ముగ్గురుండాలి: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఒకరు సాయానికి దిగాలి.

రోజు ఎంచుకోవడంలో మనకు ఇంకొక చిక్కుంది. ఆంధ్రలో చదివే చుట్టాల పిల్లలకు సంక్రాంతికి వారం పైగా సెలవులుంటాయి, ఇక్కడి బడులకు అన్ని రోజులుండవు. ఆ వారంలో పార్వతీపురం నుంచో బొబ్బిలి నుంచో చుట్టాలు దిగితే అరిసెల పాకం చూసే మామ్మ మీద పిల్లను కూడా పెట్టడం అన్యాయం. కనుమ దాటి ఒక వారం గడిచిన తరువాత వచ్చే శని, ఆదివారాలు నాకు ఎప్పుడూ కలిసి వచ్చాయి. అప్పటికి చుట్టాలు వెళ్లిపోతారు, చలి ఇంకా ఉంటుంది, పగలు కొద్దిగా పొడవవుతుంది.

చింతపిక్కల లెక్క

పిల్లకు చెప్పకుండా, అది నిద్రలో ఉండగానే జారుకోవడం మన ఇళ్లలో చాలామంది చేసే పని. ఆ రోజుకు ఏడుపు తప్పుతుంది కాని, తరువాత నెల రోజులపాటు తల్లి స్నానాల గదిలోకి వెళ్లినా పిల్ల తలుపు దగ్గర కాపలా కాస్తుంది. రెండు రోజుల ముందు చెప్పాలి. వారం ముందు చెబితే చిన్నపిల్లకు ఆ కాలం అర్థం కాదు, ఊరికే దిగులు పెరుగుతుంది. "శనివారం", "ఆదివారం" అన్న మాటలు మూడేళ్ల పిల్లకు పట్టవు కాబట్టి నేను ఒక చిన్న స్టీలు డబ్బాలో చింతపిక్కలు వేసి ఇస్తాను. పొద్దున లేచి పళ్లు తోముకున్నాక ఒక పిక్క తీసి మామ్మ చేతిలో పెట్టాలి. డబ్బా ఖాళీ అయిన రోజు అమ్మ వస్తుంది.

ఈ లెక్కలో నేను మొదటి ఏడాదే తప్పు చేశాను. "ఆఖరి పిక్క తీసిన రోజు సాయంత్రం దీపం పెట్టే వేళకు వచ్చేస్తాను" అని చెప్పి వెళ్లాను. కొండమీద మబ్బు విడిపోతే లోయ కనిపిస్తుందేమోనని గంటసేపు కూర్చున్నాము, దిగేసరికి కింద జీపు వెళ్లిపోయింది, ఫోనుకు సిగ్నలు లేదు. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. పిల్ల వీధి గుమ్మం దగ్గరే చాప మీద నిద్రపోయి ఉంది. పిడికిలి విప్పి చూస్తే ఆ చింతపిక్క చెమటకు తడిసి నల్లగా మెరుస్తూ ఉంది. మా అత్తగారు కసరలేదు. అన్నం వడ్డిస్తూ, "పిల్లకి వేళ చెప్పకమ్మా. చెప్పీసినావంటే ఆ వేళకి వచ్చీయాల" అని మాత్రం అన్నారు.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది. ఇంటికి చేరే వేళను నేను వేసుకున్న అంచనాకు ఒక రాత్రి కలిపి పిల్లకు చెబుతాను. ఆదివారం సాయంత్రం రాగలనని తెలిసినా, "ఆదివారం రాత్రి నువ్వు పడుకున్నాక వస్తానేమో, సోమవారం నువ్వు లేచేసరికి మాత్రం పక్కన ఉంటాను" అంటాను. ఇందులో అబద్ధం లేదు, ముందుగా వస్తే పిల్లకు పండగ. ఇక ఆ సోమవారం తెల్లవారు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ కొండమీద ఏ గంటకు వెనుదిరగాలో తేల్చుకుని, దానిని కాగితం మీద రాసి తోటివారందరికీ బయలుదేరకముందే చెబుతాను. శిఖరం ఇరవై నిమిషాల దూరంలో ఉన్నా ఆ గంటకు వెనుదిరగవలసిందే. ఒప్పుకోనివారితో నేను వెళ్లను.

మామ్మకు అప్పగించవలసినవి

మా అత్తగారికి ఒడియా రాదు. సరిహద్దు జిల్లాల ఇళ్లలో ఇది మామూలే. మగవారికి, బడికి వెళ్లే పిల్లలకు వస్తుంది, ఆంధ్ర వైపు నుంచి కోడలిగా వచ్చి ఇంటిపట్టున ఉండిపోయిన పెద్దవారికి రాదు. పిల్లకు రాత్రివేళ జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్లవలసివస్తే అక్కడి నర్సుతో మాట్లాడేది ఎవరు? నా భర్తది షిఫ్టు ఉద్యోగం కాబట్టి ఆయన ఇంట్లో ఉంటారన్న నమ్మకం లేదు. అందువల్ల పక్కింటి ఒడియా కుటుంబానికి ముందే చెప్పి ఉంచుతాను. ఒక అట్ట మీద ఒకవైపు తెలుగులో, మరొకవైపు ఒడియాలో పిల్ల పేరు, వయసు, బరువు, రక్తవర్గం, పడని మందులు, నేను వెళ్లిన కొండ, వెంట ఉన్నవారి ఫోన్లు, తిరిగివచ్చే గంట రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాను. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 అని పెద్ద అంకెలు వేస్తాను. టీకాల కార్డు, ఆధార్ నకలు ఒక సంచిలో పెట్టి ఆ సంచి ఎక్కడుందో చూపిస్తాను.

మందుల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. పిల్లల పారాసిటమాల్ సిరప్ ఒకటి కన్నా ఎక్కువ గాఢతలలో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సీసా, 250 మిల్లీగ్రాములున్న సీసా చూడడానికి ఒకేలా ఉంటాయి, మూతతో కొలిచి పోసే పెద్దవారికి ఆ తేడా తెలియదు. ఇంట్లో ఒకే సీసా ఉంచి, పిల్ల బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదు ఎంతో, రెండు మోతాదుల మధ్య ఎన్ని గంటలుండాలో సీసా మీదే కాగితం అంటించాలి. దగ్గు సిరప్‌లు చిన్నపిల్లలకు మంచివి కావని వైద్యులు గట్టిగా చెబుతున్నారు కాబట్టి వాటిని ఇంట్లోంచే తీసివేయడం మేలు.

ఇంకొక మాట. చలి ఎక్కువైతే మామ్మలు కుంపటి వెలిగించి గదిలో పెట్టుకుంటారు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గులు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి వాకిట్లోనే ఉండాలని ఒప్పించి, దానికి బదులు ఒక ఉన్ని రగ్గు కొని ఇచ్చి వెళ్లాలి. గుడారంలో పడుకునే మనకూ ఇదే వర్తిస్తుంది.

చలి లెక్క, బట్టలు, తిండి

ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. రాయగడ పట్టణం సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడి వాతావరణంతో పోలిస్తే దేవమాలి శిఖరం మీద తొమ్మిది డిగ్రీలకు పైగా తక్కువ ఉంటుందని లెక్కవేసుకోవచ్చు. దానికి గాలి తోడవుతుంది. అయితే మబ్బులేని రాత్రి బరువైన చల్లగాలి పల్లానికి జారి నిలుస్తుంది, అందుకే కోరాపుట్ జిల్లాలోని సెమిలిగుడ, పొట్టంగి ప్రాంతాల పల్లపు పొలాల్లో తెల్లవారేసరికి గడ్డి మీద తెల్లని మంచుపొర కనిపించే రోజులుంటాయి. రాత్రి బస చేయవలసివస్తే వాగు పక్కన చదునుగా ఉందని ఆశపడక, కొంత ఎత్తున, గాలి మరుగున పడుకోవాలి.

మందపాటి స్వెట్టరు ఒకటి వేసుకుని బయలుదేరితే అరగంటలో చెమటతో తడుస్తారు, ఆగిన వెంటనే ఆ తడి ఒంటిలోని వేడిని లాగేస్తుంది. ఒంటిని అంటుకునే లోపలి బట్ట నూలుది కాకూడదు. తడి త్వరగా ఆరే పాలియెస్టర్ బనియను, దాని మీద ఉన్ని స్వెట్టరు, ఆపైన గాలి చొరని కోటు ఉండాలి. ఎక్కేటప్పుడు స్వెట్టరు విప్పి సంచిలో పెట్టుకుని, ఆగగానే చలి వేయకముందే తొడుక్కోవాలి. శాలువ నడకకు పనికిరాదు, నెగడు దగ్గర మరీ పనికిరాదు. పొద్దున గడ్డి మీది మంచుకు బూట్లు తడిసిపోతాయి కాబట్టి పొడి మేజోళ్లు రెండు జతలు ప్లాస్టిక్ సంచిలో వేరుగా ఉండాలి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. దానిని లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచి, సిగ్నలు దొరికే చోట ఇంటికి ఒక సందేశం పంపి, మళ్లీ ఆపివేయాలి. వీడియో కాలు వద్దు. ఆటలో పడి ఉన్న పిల్లకు తెర మీద తల్లి ముఖం కనిపించి మాయమైతే మరచిన ఏడుపు మళ్లీ మొదలవుతుంది.

తిండికి పులిహోర, వేరుశనగ ఉండలు, ఉడికించిన చిలగడదుంపలు చాలు. బయలుదేరే పొద్దున చోడి (రాగి) అంబలి తాగితే మధ్యాహ్నం దాకా కడుపు నిలుస్తుంది. కొండ మీది ఊళ్లలో మాండియా పేజ్ అని ఇచ్చేది కూడా ఇదే. చలిలో దాహం తెలియదు కాబట్టి గంటకొకసారి గుర్తుపెట్టుకుని నీళ్లు తాగాలి. ఇప్ప సారా గాని జీలుగు కల్లు గాని ఎవరైనా ఆప్యాయంగా ఇస్తే తిరిగి ఊరు చేరాక చూద్దామనండి: మద్యం చర్మానికి రక్తం ఎక్కించి వెచ్చదనం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది, నిజానికి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

తోటివారిలో ఎవరైనా వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, నడకలో తడబడుతుంటే శరీరపు వేడి 35 డిగ్రీలకన్నా పడిపోతున్నదని అనుమానించాలి. వెంటనే గాలి మరుగుకు చేర్చి, తడి బట్టలు విప్పి, పొడి బట్టలు, రగ్గు చుట్టి, మింగగలిగితే బెల్లం కలిపిన వేడి నీళ్లు పట్టాలి. వణుకు ఆగి మనిషి మత్తుగా మారితే తగ్గిందనుకోకూడదు, ముదిరిందని అర్థం, ఇక దించవలసిందే.

నడక

భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం కోరాపుట్ జిల్లా గుండానే పోతుంది కాబట్టి ఇక్కడ గడియారపు మధ్యాహ్నం, సూర్యుడి మధ్యాహ్నం దాదాపు ఒకటే. డిసెంబరు చివర పగలు పదకొండు గంటలే. ఉదయం ఆరున్నరకు కాస్త ముందు తెల్లవారి, సాయంత్రం అయిదున్నరకు పొద్దు వాలుతుంది. లోయలోని దారికి ఇంకా ముందే చీకటి పడుతుంది. నాలుగు గంటలకు కొండ కింద ఉండాలనుకుంటే, ఎక్కిన దానిలో మూడు వంతులకు తక్కువ కాకుండా దిగడానికీ పడుతుందని లెక్కవేసి, నేను పన్నెండున్నరను వెనుదిరిగే గంటగా పెట్టుకుంటాను.

రాయగడ నుంచి కోరాపుట్‌కు వెళ్లే రైలు టిక్రి, లక్ష్మీపూర్ రోడ్డు, కాకిరిగుమ్మ స్టేషన్ల మీదుగా సొరంగాలు దాటుకుంటూ పోతుంది. నాకు అదే ఇష్టం. సాలూరు వైపు నుంచి వచ్చేవారు 26వ జాతీయ రహదారి మీద సుంకి ఘాట్ ఎక్కాలి. తెల్లవారుజామున ఆ మలుపులలో మంచు దట్టంగా ఉంటుంది, ఎదుటి లారీ దీపాలు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. సూర్యోదయం చూడాలని మూడు గంటలకు జీపు కట్టించుకునే సరదా కొండమీది చలికన్నా ఎక్కువమందిని బలి తీసుకోగలదు. ముందురోజు సాయంత్రానికే సెమిలిగుడ చేరి పడుకోవడం పద్ధతి.

తిరిగి వచ్చాక

ఇంటికి రాగానే పిల్లను ఎత్తుకోవాలనిపిస్తుంది, కాని ముందు స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో వేయాలి. పొదలలో ఉండే సన్నని పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ వర్షాకాలం చివర నుంచి చలికాలం దాకా కనిపిస్తుంది. చంకలు, గజ్జలు, నడుము పట్టీ కింద కాలిన మచ్చలాంటి నల్లని చెక్కు ఉన్నదేమో చూసుకోవాలి. ఈ కొండ ప్రాంతాలలో మలేరియా, అందులోనూ మెదడుకు ఎక్కే ఫాల్సిపారమ్ రకం, పాత శత్రువు. దోమ కుట్టిన తరువాత జ్వరం రావడానికి వారం నుంచి రెండు వారాలు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి తిరిగి వచ్చిన తేదీ నుంచి మూడు వారాలు లెక్కించి ఫ్రిజ్ మీది అట్ట మీదే ఆ తేదీ రాసి ఉంచండి. ఆ లోపల జ్వరం వస్తే జలుబు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా, ఏ కొండకు వెళ్లి వచ్చారో వైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ తేదీ గడిచిన తరువాతే నేను అట్టను చింపేస్తాను. చింతపిక్కల డబ్బాను మాత్రం మా అమ్మాయి తన పుస్తకాల వెనుక దాచుకుంటుంది, నేను అడిగితే తప్ప ఇవ్వదు.